జవాబు రాని ప్రార్థన తర్వాత...

కన్నీళ్లతో ప్రార్థించారు. ఉపవాసాలు ఉన్నారు. బంధువులు, సంఘస్థులు, పాస్టరుగారు అందరూ కలిసి మోకరించారు. అయినా కోరుకున్నది జరగలేదు. జబ్బు తగ్గలేదు, పోయిన కాలు తిరిగి రాలేదు, పడిపోయిన మనిషి లేచి నడవలేదు. అప్పుడు విశ్వాసి ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. 'నీలో విశ్వాసం చాలలేదు' అనేది ఒకటి. 'దేవుడే ఉంటే ఇలా ఎందుకు జరుగుతుంది' అనేది మరొకటి. మొదటిది బాధలో ఉన్న మనిషి మీద నేరం మోపుతుంది. రెండోది అతని చేతిలో ఉన్న ఆఖరి ఊతకర్రను కూడా లాగేస్తుంది. ఈ రెండూ కాకుండా మూడో జవాబు ఒకటుందని తన జీవితంతో చూపించిన స్త్రీ డాక్టర్ మేరీ వర్గీస్. ఆమె పుట్టింది కేరళలోని కొచ్చిన్‌లో. ఆమె కథ నడిచింది మాత్రం మన చిత్తూరుకు కూతవేటు దూరంలోని వెల్లూరులో.

మనవాళ్లు పూర్వం 'రాయవేలూరు' అని పిలుచుకున్న ఊరది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు చిత్తూరు, వెల్లూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేవి. ఇప్పటికీ కాట్పాడి స్టేషన్‌లో చేతిలో రిపోర్టుల సంచీతో దిగేవాళ్లలో తెలుగువాళ్లకు కొదవలేదు. అమెరికా మిషనరీల కుటుంబంలో పుట్టిన డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యసేవే క్రమంగా పెరిగి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ అయింది. ఆడపిల్లలకు వైద్యం నేర్పడానికి 1918లో ఆమె ప్రారంభించిన పాఠశాలే దానికి పునాది. మేరీ వర్గీస్ డాక్టరు కావాలని వచ్చి చేరింది ఆ కాలేజీలోనే.

ఒక్క క్షణంలో...

మేరీ 1925లో పుట్టారు. వెల్లూరులో వైద్యం చదివి, స్త్రీల వైద్యంలో స్థిరపడాలనుకున్నారు. పురుషుల చేత పరీక్ష చేయించుకోవడానికి ఇష్టపడని స్త్రీలు దేశంలో లక్షల్లో ఉన్న రోజులవి. అలాంటి చోట లేడీ డాక్టరు అవసరం ఎంతో ఉంది. కాన్పులు చేయడం, ఆపరేషన్ బల్ల దగ్గర గంటల తరబడి నిలబడడం, రాత్రనక పగలనక వార్డుల మధ్య తిరగడం అందులో తప్పనిసరి. అంటే కాళ్ల మీద నడిచే ఉద్యోగం.

1954లో తోటి డాక్టర్లతో కలిసి సరదాగా బయటికి బయలుదేరిన రోజు వాళ్ల వాహనం ప్రమాదానికి గురైంది. మేరీ ముఖం మీద లోతైన గాయమైంది. అది మానినా, బుగ్గ మీద పెద్ద మచ్చ జీవితాంతం ఉండిపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ పైకి కనిపించనిది. వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు నిండలేదు.

వెన్నుపాము దెబ్బ అంటే నడక ఒక్కటే పోవడం కాదు. స్పర్శ పోతుంది. ఒకే వైపు ఎక్కువసేపు పడుకుంటే ఒంటి బరువుకి చర్మం నలిగి పుండ్లు పడతాయి, కానీ నొప్పి తెలియదు. మల మూత్రాల మీద అదుపు ఉండదు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు మొదలై కిడ్నీలకు పాకుతాయి. అందుకే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇలాంటి రోగుల్లో ఎక్కువమంది ఎన్నాళ్లో బతికేవారు కాదు. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ 1944లో ప్రత్యేక వార్డు పెట్టి, యుద్ధంలో గాయపడ్డవాళ్లను గంటలు లెక్కపెట్టి పక్కలు మారుస్తూ, చేతులకు పని నేర్పిస్తూ బతికించే పద్ధతిని చూపించారు. మేరీకి ప్రమాదం జరిగేనాటికి ఆ విద్య మన దేశానికి ఇంకా సరిగా చేరలేదు. మంచాన పడ్డ మనిషి మంచానికే అన్నది అప్పటి మాట.

నయమవుతుందన్న నమ్మకం

మేరీ భక్తి కలిగిన కుటుంబం నుంచి వచ్చారు. మంచం మీద పడుకుని ఆమె ప్రార్థించారు. దేవుడు తనను లేపుతాడని గట్టిగా నమ్మారు. ఆ నమ్మకంలోంచే ఒక చిక్కు పుట్టింది. ఫిజియోథెరపీకి ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోలేకపోయారు. చక్రాల కుర్చీలో కూర్చోవడం నేర్చుకుంటే తాను ఇక నడవనని ఒప్పుకున్నట్టే కదా! అలా ఒప్పుకోవడం దేవుణ్ని అనుమానించడం కాదా!

ఇది ఒక్క మేరీకి కలిగిన సందేహం కాదు. ఎన్నో ఇళ్లలో ఇదే జరుగుతుంది. 'దేవుడు బాగుచేస్తాడు' అంటూ మందులు ఆపేసేవాళ్లు ఉంటారు. కృత్రిమ కాలు పెట్టించుకుంటే విశ్వాసం తక్కువైనట్టు భావించేవాళ్లు ఉంటారు. అద్భుతం కోసం ఎదురుచూస్తూ చేతిలో ఉన్న రోజును వదులుకోవడం పైకి భక్తిలా కనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు అది భయం. జరిగినదాన్ని కళ్లెత్తి చూడలేని భయం.

ఆ దశలో ఆమెతో సూటిగా మాట్లాడిన మనిషి డాక్టర్ పాల్ బ్రాండ్. మిషనరీ తల్లిదండ్రులకు 1914లో తమిళనాడులోని కొల్లి కొండల మీద పుట్టి, ఇంగ్లండులో సర్జన్‌గా శిక్షణ పొంది, 1946లో వెల్లూరు వచ్చినవాడాయన. నడక గురించి కాకుండా, డాక్టరుగా ఆమె ముందున్న జీవితం గురించి ఆలోచించే సమయం వచ్చిందని ఆయన మేరీతో అన్నారు. సానుభూతి మాటలు ఎంతమందైనా చెబుతారు. 'నువ్వు ఇంకా డాక్టరువే' అని గుర్తుచేసేవాళ్లు అరుదు. మేరీకి దొరికిన మొదటి జవాబు బహుశా ఆ మాటే.

కూర్చుని చేసే ఆపరేషన్లు

బ్రాండ్ చూపించిన దారి ఎవరూ ఊహించనిది. ఆ రోజుల్లో వెల్లూరులో ఆయన కుష్ఠురోగుల చేతుల మీద పరిశోధన చేస్తున్నారు. కుష్ఠు వస్తే వేళ్లు కుళ్లి రాలిపోతాయని అప్పట్లో లోకమంతా నమ్మేది. అది నిజం కాదని బ్రాండ్ బృందం గమనించింది. ఆ వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది. నరం చచ్చుబడితే నొప్పి తెలియదు. వేడి గిన్నె పట్టుకున్నా, గాజు పెంకు గుచ్చుకున్నా, చెప్పులో మేకు దిగినా రోగికి తెలియదు. తెలియని గాయాలు పుండ్లయి వేళ్లను తినేస్తాయి. మరోపక్క చేతిలోని చిన్న కండరాలు పనిచేయక వేళ్లు పక్షి గోళ్లలా లోపలికి ముడుచుకుపోతాయి. అన్నం ముద్ద కలుపుకోవడానికి కూడా పనికిరాని చేతులవుతాయి.

దానికి బ్రాండ్ చేసిన వైద్యం ఇది. కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి టెండాన్ ఉంటుంది. బాగా పనిచేస్తున్న కండరం తాలూకు టెండాన్‌ను దారి మళ్లించి ముడుచుకుపోయిన వేళ్లకు కుట్టేస్తారు. కొన్ని వారాలు కట్టు ఉంచి, ఆ తర్వాత ఆ కండరానికి కొత్త పని నేర్పిస్తారు. ముడుచుకున్న వేళ్లు మెల్లగా తెరుచుకుంటాయి.

ఈ ఆపరేషన్‌లో ఒక సంగతి ఉంది. కడుపు కోసే సర్జన్ నిలబడాలి. చేతికి ఆపరేషన్ చేసే సర్జన్ చిన్న బల్ల ముందు కూర్చునే పనిచేస్తాడు. అంటే కాళ్లు లేకపోయినా ఫరవాలేదు. కావాల్సింది నిదానం, చూపు, వేళ్లలో నేర్పు. అవి మూడూ మేరీ దగ్గర చెక్కుచెదరకుండా ఉన్నాయి!

ఆమె మొదట కుష్ఠురోగుల మధ్య చిన్న పనులతో మొదలుపెట్టారు. తర్వాత చక్రాల కుర్చీలో ఆపరేషన్ థియేటర్లోకి వచ్చి, టెండాన్లు మార్చి కుట్టడం నేర్చుకున్నారు. ఎంతోమంది చేతులను బాగుచేశారు. పోగొట్టుకున్నదాని గురించి లెక్కలు వేసుకునే మనసు, మిగిలినదాన్ని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.

రోగులు చూసిన డాక్టరు

కుష్ఠురోగిని ఊరు వెలివేసిన రోజులవి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో ఆస్పత్రి పెట్టినప్పటి నుంచీ మన ప్రాంతంలోనూ ఇలాంటి రోగులకు మిషన్ ఆస్పత్రులే దిక్కుగా ఉండేవి. మందు దొరికినా, 'ఛీ' అని పక్కకు తప్పుకునే లోకం ముందు తల ఎత్తుకోవడం వాళ్లకు చేతనయ్యేది కాదు.

అలాంటివాళ్ల ముందుకి చక్రాల కుర్చీలో, బుగ్గ మీద మచ్చతో, చిరునవ్వుతో ఒక డాక్టరమ్మ వచ్చారు. ఆమెను చూసిన రోగులకు ఎవరూ ఉపన్యాసం చెప్పాల్సిన పని లేకపోయింది. తాము నడవగలరు, ఆమె నడవలేదు. అయినా ఆమె తమకు వైద్యం చేస్తోంది! పైగా ఒక విషయంలో వాళ్లకీ ఆమెకీ చుట్టరికం ఉంది. వాళ్ల చేతుల్లో నొప్పి తెలియదు, ఆమె కాళ్లలో నొప్పి తెలియదు. పుండు పడకుండా రోజూ ఒళ్లు చూసుకోవాల్సిన అవసరం ఇద్దరికీ ఒకటే. పుస్తకంలో చదివి చెప్పే సలహాకీ, తనూ అదే పాటిస్తూ చెప్పే సలహాకీ ఉన్న తేడా రోగికి ఇట్టే తెలుస్తుంది.

ఇక్కడే ఆమె ప్రార్థనకు జవాబు వచ్చిందని చెప్పాలి. ఆమె అడిగిన జవాబు అది కాదు. ఆమె అడిగింది తన కాళ్లు. దక్కింది ఇతరుల చేతులు. కాళ్లు కావాలని అడిగితే దేవుడు తనకు రెక్కలు ఇచ్చాడన్న అర్థంలో ఆమె చెప్పుకున్నట్టు ప్రసిద్ధి.

తాను పొందింది నలుగురికీ...

తన కాళ్ల మీద తాను నిలబడడమే గొప్ప అనుకుని ఆమె అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. శిక్షణ కోసం ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్లారు. మంచం మీంచి కుర్చీలోకి మారడం, కుర్చీలోంచి కారులోకి మారడం, ఇతరుల మీద ఆధారపడకుండా రోజు గడపడం అక్కడ నేర్చుకున్నారు. ఇదంతా నేర్పించదగిన విద్య అని, అది తన దేశంలో వేలమందికి అందడం లేదని ఆమెకు అర్థమైంది.

సర్జన్‌గా పేరు వస్తున్న సమయంలో మళ్లీ విద్యార్థినిగా మారి, న్యూయార్క్‌లో డాక్టర్ హోవర్డ్ రస్క్ సంస్థలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ అమెరికా సైనికులను తిరిగి పనిలో నిలబెట్టిన అనుభవంతో పునరావాస వైద్యానికి ప్రపంచమంతటా పేరు తెచ్చినవాడు రస్క్. జబ్బు రాకుండా చూడడం, వస్తే నయం చేయడం అనే రెండింటితో వైద్యం అయిపోదని, మనిషిని తిరిగి బతుకులో నిలబెట్టే మూడో దశ ఉందని ఆయన సిద్ధాంతం.

అమెరికాలోనే ఉండిపోయి ఉంటే ఎత్తు తక్కువ గుమ్మాలు, లిఫ్టులు, చక్రాల కుర్చీకి అనువైన రోడ్లు ఆమెకు ఉండేవి. ఆమె వెల్లూరుకు తిరిగి వచ్చారు. 1963లో అక్కడి పునరావాస విభాగం బాధ్యత తీసుకున్నారు. 1966లో రోగులు అక్కడే ఉండి శిక్షణ పొందే పునరావాస కేంద్రం ఏర్పడింది. దేశంలో ఇలాంటివాటిలో అది మొదటిది. 1976 వరకు ఆమే ఆ విభాగానికి అధిపతి. 1972లో ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. 1986లో ఆమె కన్నుమూశారు. అంటే ప్రమాదం తర్వాత ముప్పై ఏళ్లకు పైగా జీవించారు. ఆమె బతికి ఉండగానే, 1963లో అమెరికా రచయిత్రి డొరొతీ క్లార్క్ విల్సన్ 'టేక్ మై హ్యాండ్స్' అనే పేరుతో ఆమె జీవితాన్ని పుస్తకంగా తెచ్చారు.

తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు, లారీ బోల్తా పడి నడుము విరిగిన డ్రైవరు, బావి తవ్వుతూ మట్టిపెళ్ల మీద పడ్డ కూలీ... ఇలాంటివాళ్లకు పునరావాస కేంద్రంలో నేర్పేవి వినడానికి చిన్న విషయాలే. రెండు గంటలకోసారి పక్క మారడం. కుర్చీలో కూర్చున్నప్పుడు చేతుల మీద ఒళ్లు లేపి పిరుదులకు గాలి తగలనివ్వడం. అద్దంలో చూసుకుని పుండు ఉందేమో వెతుక్కోవడం. వేళకు మూత్రం ఖాళీ చేసుకోవడం. కూర్చుని చేయగల పని ఒకటి నేర్చుకోవడం. ఈ చిన్న విషయాలే మనిషిని ఏడాదిలో పోనివ్వకుండా ముప్పై ఏళ్లు నిలబెడతాయి.

లేఖనాల్లోని ముల్లు

కోరిన కోరికకు 'కాదు' అనే జవాబు రావడం బైబిలుకు కొత్త కాదు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ఒక ముల్లు ఉందని కొరింథీయులకు రాశాడు. అదేమిటో ఆయన చెప్పలేదు. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. దాన్ని మోయడానికి కృప మాత్రం దొరికింది. ఆ మనిషిని ఎవరైనా విశ్వాసం చాలనివాడని అనగలరా? రాత్రంతా పెనుగులాడి దీవెన పొందిన యాకోబు తెల్లారేసరికి కుంటుతూ నడిచాడు. దీవెన, కుంటితనం రెండూ ఒకే రాత్రి వచ్చాయి. గెత్సేమనే తోటలో యేసు కూడా ఆ గిన్నె తన దగ్గర నుంచి తొలగిపోవాలనే ప్రార్థించాడు. అది తొలగలేదు.

కాబట్టి జవాబు రాకపోవడం విశ్వాసం లేనితనానికి గుర్తు కాదు. మరి ధైర్యం అంటే ఏమిటి? ఏడవకపోవడం కాదు. మేరీ ఏడవలేదని ఎవరూ అనలేరు. ప్రార్థన మానేయడమూ కాదు. 'ఇది జరగనివ్వు' అనే ప్రార్థన నెరవేరనప్పుడు, 'ఇప్పుడు నన్నేం చేయమంటావు' అనే ప్రార్థనకు మారడం. మొదటి ప్రార్థన కంటే రెండోది కష్టం. ఎందుకంటే దాని జవాబు వచ్చాక మనం లేచి పని చేయాలి. మేరీ విషయంలో ఆ పని శిక్షణతో, నొప్పితో, అవమానంతో, మళ్లీ మళ్లీ నేర్చుకోవడంతో నిండినది.

చుట్టూ ఉన్నవాళ్ల వంతు

ఇలాంటి కథ చదివినప్పుడు 'ఎంత గొప్ప మనిషి' అనుకుని పేజీ తిప్పేయడం తేలిక. కానీ మేరీ ఒంటరిగా ఇదంతా సాధించలేదు. ఆమెలో డాక్టరును వెతికిన పాల్ బ్రాండ్ ఉన్నారు. కుర్చీని థియేటర్లోకి రానిచ్చిన ఆస్పత్రి ఉంది. చదువుకోవడానికి పంపి, తిరిగి వస్తే విభాగాన్ని చేతికిచ్చిన సంస్థ ఉంది. ధైర్యం ఒక మనిషి గుండెలో పుడుతుంది, నిజమే. అది నిలబడాలంటే చుట్టూ మనుషులు చోటివ్వాలి.

మన దగ్గర ఆ చోటు ఎంత ఉందో ఎవరికి వారు చూసుకోవచ్చు. నడవలేని బిడ్డ కోసం ప్రార్థన పెట్టే సంఘంలో ఆ బిడ్డ కుర్చీ లోపలికి రావడానికి ర్యాంపు ఉందా, లేక ఆరు మెట్లు ఉన్నాయా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నయమైన కుష్ఠురోగులతో సహా 21 రకాల వైకల్యాలను గుర్తించింది. బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతోంది. చట్టం చెప్పకముందే ఆ మాట చెప్పాల్సింది ప్రార్థనా మందిరాలు కాదూ! నలుగురు స్నేహితులు పక్షవాత రోగిని మంచంతో సహా మోసుకొచ్చి, గుమ్మం దగ్గర జనం అడ్డు ఉంటే ఇంటి కప్పు విప్పి యేసు ముందుకు దించిన కథ సండేస్కూలు పిల్లలందరికీ తెలుసు. ఆ కథలో రోగి నోరు విప్పి అడిగినట్టు లేదు. కప్పు విప్పినవాళ్ల విశ్వాసాన్ని చూశాడు ప్రభువు.

మంచాన పడ్డ మనిషి ఇంటికి వెళ్లినప్పుడు 'విశ్వాసం ఉంచు, అంతా బాగవుతుంది' అని చెప్పి టీ తాగి వచ్చేయడం కంటే మంచి పనులు చాలా ఉన్నాయి. ఫిజియోథెరపీకి తీసుకెళ్లే ఆటో ఖర్చు చూసుకోవచ్చు. రాత్రి ఒకసారి పక్క మార్చే వంతు తీసుకుని ఆ ఇంటి ఇల్లాలిని నిద్రపోనివ్వొచ్చు. అతనికి ఇదివరకు వచ్చిన పనేమిటో, ఇప్పుడు కూర్చుని ఏం చేయగలడో కనుక్కోవచ్చు. కుష్ఠు మచ్చ కనిపించిన పొరుగువాడిని దాచిపెట్టకుండా ఆస్పత్రికి పంపవచ్చు. ఆ వ్యాధికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించిన మందుల కలయిక ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా దొరుకుతుంది. ఆరు నెలల నుంచి ఏడాదిలో కోర్సు అయిపోతుంది. తొందరగా వెళితే చేయి ముడుచుకుపోయే దాకా రాదు.

అద్భుతాలు జరుగుతాయని నమ్మేవాళ్లు నమ్మకం వదులుకోనక్కరలేదు. అయితే అద్భుతానికి ఒకే రూపం ఉంటుందని అనుకోనక్కరలేదు కూడా. ముడుచుకుపోయిన వేళ్లు తెరుచుకుని మొదటిసారి అన్నం కలుపుకున్న రోగి తన కళ్ల ముందు అద్భుతం జరగలేదని అనడు. ఆ వేళ్లను తెరిచింది, లేచి నడవాలని ప్రార్థించి లేవలేకపోయిన మనిషి.